పొగిడిన శాసనం

ఎం.ఏ. వ్యాసం కోసం, పోయినేడు పెనుకొండ దగ్గర ఒక చేనులో చూసిన శాసనానికి కాగితం మీద అచ్చు తీద్దామని ఈ రోజు హిందూపురం నుంచి బస్సెక్కి వెళ్లాను. అది రాయల కాలంనాటిదనీ, భద్రంగా చూసుకోమనీ ఆ చేనుగల అవ్వకు అప్పుడు నేనే చెప్పాను. ఆమె చూసుకుంది. అరుగు కట్టించి, రాయిని సగం దాకా గారలో పాతించి, పైన మిగిలిన అక్షరాల నిండా ఆముదం, పసుపు పట్టించింది.

"కింద కొంచెం తవ్వుకోవచ్చా అవ్వా?"

"గొప్ప రాయని నువ్వే చెప్తివి. మొక్కినాక పెరుకుతారా యాడన్నా? బాగుండాది తల్లీ నీ చదువు."

నేనింకా చదవని వరుసలన్నీ ఆ గారలోనే ఉన్నాయి. కొబ్బరి చిప్ప చేతిలో పెట్టి పంపింది. శాసనాలు చదివే మిత్రులారా, ముందు అచ్చు తీసుకోండి, తర్వాత పొగడండి. ఆ అవ్వను ఒప్పించే మాట మీకేదైనా తోస్తే చెప్పండి.