కాక మీసం, తెరుచుకోని తలుపు

పోయిన శుక్రవారం, ఇక్కడ ఖతార్‌లో అదే సెలవు రోజు, చర్చి నుంచి వచ్చి, అల్ ముంతజాలోని మా ఇంట్లో సోఫా మీద నడుం వాల్చి, టీవీలో ఒక పాత డిటెక్టివ్ సినిమా పెట్టుకున్నాను. పంతొమ్మిది వందల నలభైల నాటి నలుపు తెలుపు బొమ్మ. వంటింట్లో మా ఆవిడ హమూర్ చేప ముక్కలు వేయిస్తోంది. సినిమా సగానికి వచ్చేసరికి ఒక పెద్ద గది కనిపించింది. గదిలో పుస్తకాల అల్మారా, దాని పక్కన ఒక తలుపు, తలుపు మీద చెక్కిన పువ్వు. నేను లేచి కూర్చున్నాను. తలుపు మెల్లగా తెరుచుకుంది. పిస్తోలు పట్టుకుని ఒకడు బయటికి వచ్చాడు. నేను పెట్టిన కేకకు మా ఆవిడ అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ?" అంటే "తలుపు తెరుచుకుంది!" అన్నాను. ఆవిడ వీధి తలుపు వైపు చూసింది. గడియ వేసే ఉంది. తర్వాత నా వైపు చూసి, "పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ తలుపు మీద ఒక పెద్దమనిషి మీసం ఆధారపడి ఉందని ఆవిడకెలా తెలుస్తుంది?

నేను ఖతార్ వచ్చిన కొత్తలో ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ క్యాంప్‌లో టైమ్‌కీపర్‌ని. గోదావరి జిల్లా వాణ్ణి, క్యాంప్ నిండా జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. వాళ్ళందరికీ పెద్దదిక్కు ఒక కార్పెంటర్. అందరూ ఆయన్ని కాక, అంటే బాబాయి, అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. తలుపులు, పార్టిషన్లు బిగించడం ఆయన పని. వెస్ట్ బేలో ఎన్ని టవర్లలో ఎన్ని తలుపులు బిగించాడో ఆయనకే తెలియదు. ఇప్పుడు నేను అక్కడే ఒక ఆఫీసులో పనిచేస్తూ, మీటింగ్ రూము తలుపు తీసినప్పుడల్లా ఒకసారి బందు వైపు చూస్తాను. మంచి తలుపయితే కాకదే అనుకుంటాను, చెడ్డదయితే ఇంకో కంపెనీది అనుకుంటాను. మనిషి పొట్టి, గొంతు పెద్దది, మీసం ఆ రెంటికన్నా పెద్దది. నల్లగా, దట్టంగా, కొసలు పైకి తిరిగి ఉండేది. డ్యూటీకి పోయే ముందు దానికి కొబ్బరినూనె రాసుకుంటుంటే వెనక బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టేవాడు. బస్సు ఆగేది గానీ నూనె ఆగేది కాదు.

క్యాంప్ హాల్లో ఒక టీవీ ఉండేది. శుక్రవారం మటన్ కూర తిన్నాక అందరం దాని ముందు చేరేవాళ్ళం. హిందీ సినిమా పెడితే మూడు గంటలు, బట్టలు ఉతుక్కునే వేళ దాటిపోతుంది. పైగా క్యాంప్ నెట్టు మీద రంగుల సినిమా ఒక పాటకు పదిసార్లు ఆగేది. అలా వెతగ్గా వెతగ్గా దొరికాయి ఈ అమెరికా డిటెక్టివ్ సినిమాలు. గంటలో అయిపోతాయి, ఆగకుండా నడుస్తాయి, పైసా అడగవు. ఒక హత్య, ఒక టోపీ మనిషి, ఒక డబ్బున్న విధవరాలు, ఏమీ తెలియని ఒక పోలీసాఫీసరు, ఎప్పుడూ వాన. చివర టోపీ మనిషి అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి హంతకుడు ఫలానా అని వేలు చూపిస్తాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కదా అని మొదటి వారం నాకు అనువాదం అప్పజెప్పారు. నేను బుద్ధిగా, "నిన్న రాత్రి మీరు ఎక్కడ ఉన్నారని అడుగుతున్నాడు" అన్నాను. ఎవరూ మెచ్చలేదు. అదే మాటను కాక అందుకున్నాడు: "రాత్రి ఏడ పోయినవ్ రా? డ్యూటీల లేవు, క్యాంప్‌ల లేవు. నిజం సెప్తవా, సూపర్వైజర్‌ను పిలువన్నా?" హాలంతా చప్పట్లు. ఆ వారంతో నా అనువాదం ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచి టోపీ మనిషి జగిత్యాల యాసలోనే నేరాలు పట్టుకున్నాడు.

నిజానికి మా వాళ్ళకు ఆ సినిమాల్లో హత్యకన్నా గోడలు ఎక్కువ నచ్చేవి. చూసేవాళ్ళంతా మేస్త్రీలు, కార్పెంటర్లు, ఫిట్టర్లు. హీరో కోపంగా తలుపు వేసి వెళ్ళిపోతే మిగతా ప్రపంచం హీరోని చూస్తుంది, మా క్యాంప్ మాత్రం గోడను చూస్తుంది. "ఊగింది, ఊగింది!" అని ఒకేసారి అరిచేవాళ్ళు. కాక తీర్పు చెప్పేవాడు: "ప్లైవుడ్ అది. ఎనకాల సపోర్ట్ ఇయ్యలే. ఫులూస్ మాఫీ కంపెనీ, ఏం జేస్తడు పాపం." డబ్బుల్లేని ఆ కంపెనీ మీద అందరికీ ఎంత జాలో! జీతాలు ఇచ్చారో లేదో అని ఆ కాలపు కూలీల గురించి కూడా బాధపడేవారు. పొగమంచు వచ్చిందంటే వెనక గోడ కట్టలేదని అర్థం. లాయరు ఆఫీసుకే కర్టెన్ మార్చి డాక్టరు ఇల్లుగా చూపిస్తే వెంటనే పట్టేసేవాళ్ళు. నాకు ఆ సినిమాలంటే ప్రేమ పుట్టింది అలాగే. ఉన్న నాలుగు చెక్కలతో గంటసేపు మనల్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టిన మనుషులంటే గౌరవం కలుగుతుంది.

ఇక ఆ తలుపు సంగతి. ఒక వారం చూసిన సినిమాలో హత్య జరిగిన గదిలో, పుస్తకాల అల్మారా పక్కన పువ్వు చెక్కిన తలుపొకటి ఉంది. సినిమా మొదలైన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ తెరవలేదు. కాక టీవీ దగ్గరికి వెళ్ళి వేలుతో చూపించాడు. "మంచి కట్టె. పువ్వు రెక్క ఒకటి ఇరిగింది గని, పని సక్కగున్నది. గోడకు పైసల్లేనోడు తలుపు ఊకెనే పెట్టడు. పెట్టిండంటే అండ్లకెళ్లి ఒకడు రావాలె. ఆడే దొంగ." పక్కన కృష్ణా జిల్లా ఎలక్ట్రీషియన్ అన్న ఉన్నాడు. కాక ఏమన్నా కాదనడం ఆయనకు అలవాటు. "అదేం లేదు కాకా, గోడ బోసిగా ఉందని పెట్టుంటారు. ఎవడూ రాడు, చూడండి" అన్నాడు. కాక లేచి నిలబడి మీసం మీద చెయ్యి వేశాడు. "రాకుంటే ఇది తీసేస్త!" పందెం కట్టడానికి ఆ క్యాంప్‌లో అంతకన్నా విలువైన వస్తువు లేదు.

టోపీ మనిషి అందర్నీ ఆ గదిలోకే పిలిచాడు. తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాడు. వేలెత్తాడు. "హంతకుడు..." అన్నాడు. తెర నల్లబడిపోయింది. పాత ప్రింటు, చివరి ముక్క లేదట. అంతమంది మగవాళ్ళు ఒకేసారి అరవడం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. పక్క బ్లాకు నేపాలీలు మంటలు లేచాయనుకుని బకెట్లతో వచ్చారు. మిగిలిన ముక్క కోసం ఎంత వెతికినా దొరకలేదు. ఈలోగా మోకాళ్ళ నొప్పులతో కాక వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి బయలుదేరాడు. ఎయిర్‌పోర్టు బండి దగ్గర అందరి కళ్ళూ తడిగా ఉంటే ఎలక్ట్రీషియన్ అన్న మాత్రం, "కాకా, మీసం సంగతి తేలలేదు" అన్నాడు. "సినిమా దొరికినంక ఫోన్ జెయ్యుండ్రి. నేనేడికి పోత, మీసమేడికి పోతది! యల్లా, పోదాం పా" అని కాక బండెక్కాడు. బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నాకు ఆ రోజు చాలా దిగులేసింది.

కొన్నేళ్ళకు పూర్తి ప్రింటు దొరికింది. అప్పటికి నేను వెస్ట్ బే ఆఫీసుకు మారాను. ఎలక్ట్రీషియన్ అన్నను ఇంటికి పిలిచి ఇద్దరం చూశాం. హంతకుడు కుటుంబ డాక్టరు. అందరిలాగే వీధి గుమ్మంలోంచి వచ్చాడు, అందులోంచే బేడీలతో పోయాడు. పువ్వు తలుపు చివరిదాకా తెరుచుకోలేదు. గెలిచిన ఎలక్ట్రీషియన్ అన్నే, "చెప్పొద్దులే, పెద్దాయన" అన్నాడు. కానీ కాక పండక్కి, పబ్బానికి ఫోన్ చేసి మొదట అడిగేది ఆ సినిమా గురించే. ఈసారి అడిగినప్పుడు అబద్ధం నోట రాలేదు, తలుపు తెరుచుకోలేదని చెప్పేశాను. "సక్కగ సూసినవా బిడ్డా?" అన్నాడు. చూశానన్నాను. కాక ఫోన్ పెట్టేశాడు. మర్నాడు వచ్చిన ఫోటోలో ఉన్న మనిషిని నేను గుర్తుపట్టలేదు.

గుర్తుపట్టిన కాక ఊరివాళ్ళు వేరేలా అర్థం చేసుకున్నారు. మా గోదావరి వైపు హిందువుల్లోనూ అంతే, మీసాలున్న మనిషి ఉన్నట్టుండి నున్నగా కనిపిస్తే తండ్రి పోయాడని అర్థం. కాక తండ్రి చాలా పెద్దవాడు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రానికి చుట్టాలు రావడం మొదలుపెట్టారు. ఒకావిడ వీధి మలుపు నుంచే శోకం అందుకుని వాకిట్లోకి వచ్చేసరికి, పోయినాయన మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆవిడ రాగం మధ్యలో ఆపి, మంచినీళ్ళు అడిగి తాగింది. ముసలాయన కోపం నాకు ఫోన్లోనే వినిపించింది: "దుబాయ్‌ల ఎవని తలుపో తెరుసుకోలేదంట! గందుకు నన్ను సంపిండు వీడు!" మేమున్నది దుబాయ్ కాదని, సినిమా అమెరికాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "మళ్ళీ పెంచండి కాకా" అని బతిమాలితే కాక ఒప్పుకోలేదు. "ఓడిపోయిన మీసం మల్ల పెంచద్దు బిడ్డా" అన్నాడు. అప్పట్నుంచి వీడియో కాల్‌లో ఆ ఖాళీ పెదవిని చూసినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమనేది.

అందుకే మొన్న శుక్రవారం ఆ కేక పెట్టాను. ఇది వేరే సినిమా. వేరే టోపీ, వేరే హత్య. కానీ అదే గది, అదే అల్మారా. డబ్బుల్లేని కంపెనీ కదా, తలుపును పారెయ్యలేదు. వెంటనే కాకకు వీడియో కాల్ చేసి, ఫోను టీవీ ముందు పెట్టి, సినిమా వెనక్కి తిప్పాను. తలుపు తెరుచుకుంది, పిస్తోలు వాడు వచ్చాడు. "ఆపు" అన్నాడు కాక. ముఖం ఫోనుకు ఆనించి పువ్వు చూశాడు. "రెక్క ఇరిగింది. గదే తలుపు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. "నేను సెప్పలే? తలుపు ఊకెనే పెట్టడని! సినిమా మారింది గంతే." వెనక మంచం మీంచి ముసలాయన గొంతు: "ఈసారి ఎవలు సచ్చిండ్రు రా?" కాక మెల్లగా పైపెదవి తడుముకున్నాడు. ఎలక్ట్రీషియన్ అన్నకు ఫోన్ చేసి చెప్తే, ఆయన జీవితంలో మొదటిసారి కాదనకుండా, "పెంచుకోమను" అన్నాడు.

నిన్న ఫోటో పంపాడు. మీసం వస్తోంది, కొబ్బరినూనె కూడా రాసినట్టున్నాడు. చూసి నవ్వుకుని, కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. పందెం కాసిన రోజు అది నల్లగా ఉండేది. కాక మాట నిజమయ్యేసరికి తెల్లగా మొలుస్తోంది.