బావిగట్టు మీది నాగులరాయి

మా పక్కింటి జువాలజీ సారు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. నంద్యాలలో ఆయనను ‘పాముల పిచ్చోడు’ అన్నవాళ్లే మరునాడు సంతాపసభలో ‘ప్రకృతి ప్రేమికుడు’ అన్నారు. చచ్చినవాళ్లకు బిరుదులివ్వడంలో మా కాలనీకి ఎప్పుడూ లోటు లేదు.

సారు ఇంటి వెనుక పాత బావి ఉంది. దాన్నిండా నీళ్లపాములు. ఒళ్లంతా గళ్లు, చేపలూ కప్పలూ తిండి, గట్టు బొరియల్లో గుడ్లు. బెదిరితే మెడను పడగలా వెడల్పు చేస్తాయి. నాగుపామని జనం కట్టె ఎత్తుతారు. కరిస్తే నెత్తురు కారుతుంది గాని విషం లేదు. సారు బతికినంతకాలం ఈ మాటే చెప్పారు. కాలనీ ప్రెసిడెంటు మాత్రం బావి పూడ్చాలని ప్రతి మీటింగులోనూ లేచేవాడు.

నీళ్లు తోడే ముందు సారు గిలకను తట్టేవారు. “జరగండమ్మా, బొక్కెన వస్తాండాది.” పుస్తకాలతో అల్మారాలు నింపిన నాకు, పాముతో అలా మాట్లాడవచ్చని ఆయనే నేర్పారు.

ఒకసారి ఇద్దరం ఆళ్లగడ్డ వెళ్లాం. ఒక శిల్పి దగ్గర నాగులరాయిని వేళ్లతో తడిమి సారు నవ్వారు.

“ఇదేందప్పా, పొలుసు పొలుసుకూ నడిమిన గీర చెక్కినావు? నాగుపాము పొలుసు నున్నగా ఉంటాది. ఇది నీళ్లపాము.”

“కాలువ కాడ చచ్చిన పాము దొరికితే దాన్నే చూసి చెక్కినా సార్. మొక్కేటోళ్లు పొలుసులు తడిమి చూస్తారా ఏంది?”

“చూడరు. అందుకే నాకు కావాల.”

గుడి మెట్లెక్కని మనిషి ఆ రాయిని తెచ్చి బావిగట్టు మీద నిలబెట్టారు.

“దేవుడు లేడంటిరి కద సారూ?” అన్నాను.

“నాకు లేడు. ప్రెసిడెంటుకు ఉండాడు గదప్పా.”

ఆ నాగులచవితికి కాలనీ ఆడవాళ్లు పాలచెంబులతో వచ్చారు. అందరికంటే ముందు ప్రెసిడెంటు భార్య.

సంతాపసభలో ప్రెసిడెంటు మైకు పట్టుకుని, బావి పూడ్చి అక్కడ సారు పేరిట పార్కు కడదామన్నాడు. నేను లేచాను.

“కట్టుదువులే అప్పా. ముందు గట్టు మీది నాగులరాయి పెరుకు. నీ చేత్తోనే పెరుకు.”

అతను భార్య వైపు చూశాడు. ఆమె చెంపలు వేసుకుంది. మైకు పక్కవాడి చేతికి పోయింది. బావి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఈ పొద్దున ఆ రాయి మీద ఒక నీళ్లపాము ఎండ కాచుకుంటోంది. కంటి నుంచి పెదవి దాకా నల్లటి గీతలు, ఏడిస్తే కాటుక కారినట్టు. ఎప్పుడో ఈ మాటే అంటే సారు కసిరారు: “ఏడుపు గాదప్పా, అది రంగు.” దగ్గరికి ఒక అడుగు వేశాను. రాతి మీది పాము మెడ వెడల్పు చేసింది. రాతిలోని పాము ఎప్పటిలాగే పడగ విప్పి ఉంది.