మూడు రోజుల చదువు

మా చిన్న కూతురు తన స్నేహితులతో వియత్నాం గుహల్లోకి వెళ్తానంది. నిజామాబాద్ దుకాణాల్లో గైడు పుస్తకం దొరకలేదు. ఫోన్‌లో సమాచారం వెతికి, ఫోన్‌తోనే తెలుగులోకి మార్చి, ప్రింటు తీయించి తెచ్చింది. మొత్తం చదివాకే సరే అంటానన్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. బీడీ ఆకు ఏరినట్టు ఒక్కో మాటా చూసుకుంటూ పోతాను.

"అవ్వా, నువ్వు గిట్ల చదివితే టికెట్లు అయిపోతయ్!" అని తొందరపెట్టింది కూతురు.

మూడో రోజు ఒక వాక్యం దగ్గర ఆగాను.

"సూడు బిడ్డా, అక్టోబర్ల గుహలల్లకు వరద వస్తదట. మూసేస్తరట. మీరు పోయేదెప్పుడు?"

"అక్టోబర్లనే."

కాగితం లాక్కుని చదివింది. వెంటనే స్నేహితులకు ఫోన్ చేసింది.

"టికెట్లు తీయకుండ్రి, మార్చిల పోదాం. మనమంతా ఫోన్ల బొమ్మలే చూసినం. మా అవ్వ చదివింది!"