నీకొకసారి వచ్చిపోయిందిగా

మా వీధి దోమలక్క చనిపోయింది. సోమవారం పోతే నాకు శుక్రవారం తెలిసింది. అదీ ఆమె రావలసిన వేళకు, ఆమె వేసుకునే రంగు జాకెట్టే వేసుకుని, ఆమె రిజిస్టరే చంకన పెట్టుకుని ఒక పెద్దాయన మా హాస్టల్ ఆఫీసు గదిలోకి వచ్చి, "సంతకం కావాలె మేడం" అన్నప్పుడు. అక్క ఏదని అడిగాను. "పోయింది మేడం. డెంగీ" అని, రిజిస్టర్ తెరిచి పెన్ను నా చేతికిచ్చాడు.

పక్కనే ఉన్న మా వంటమనిషి, "దోమల మనిషిని దోమే తినేసిందా, ఎంత చిత్రమండీ!" అంది. సాయంత్రానికి ఇస్త్రీ బండి దగ్గర అదే మాట, కర్రీ పాయింట్ దగ్గర అదే మాట. అన్న ప్రతివాళ్ల మీదా నాకు ఒళ్లు మండిపోయింది. ఇందులో చిత్రమేమీ లేదు. ఒక మనిషి ఫలానా చోట గొయ్యి ఉందని మూడేళ్లుగా వేలుపెట్టి చూపిస్తుంటే, అందరం కలిసి ఆ మనిషినే అందులోకి నడిపించాం. ఎలా నడిపించామో చెబుతాను. అందులో నేనెంత ఉన్నానో కూడా చెబుతాను.

నేను అమీర్‌పేటలో మైత్రీవనం వెనక వీధిలో లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. భీమవరం నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అక్క పని మున్సిపాలిటీ తరఫున ఇంటింటికీ తిరిగి దోమలు పుట్టే నిల్వ నీళ్లు వెతకడం. చేతిలో నీళ్లు ముంచి చూసే పొడుగు కాడ తెల్ల గరిటె, జాకెట్ జేబులో టార్చి, చంకన రిజిస్టర్. వయసులో నాకన్నా పదేళ్లు చిన్న, అయినా వీధి మొత్తానికీ అక్కే, నాకూ అక్కే. ఆమె మాత్రం నన్ను హాస్టలమ్మా అనేది.

మా వీధి హాస్టళ్లలో ఒక అలవాటుంది. పొద్దున ఏడు దాటితే కుళాయి సన్నబడుతుంది, కోచింగ్ క్లాసేమో ఏడున్నరకి. అందుకని ప్రతి పిల్లా ముందురోజే తన బకెట్ నింపి, దాని మీద మార్కర్‌తో పేరు రాసుకుని, మంచం కిందకి తోసేస్తుంది. ఊరెళ్లే పిల్ల కూడా నింపే వెళ్తుంది, బస్సు దిగి రాగానే స్నానానికి ఉంటాయని. మూడేళ్ల కిందట మా పిల్లలకు వరసగా డెంగీ వచ్చినప్పుడు ఎవరెవరో వచ్చి డాబా మీద ట్యాంకు చూశారు, కాలువ చూశారు, పక్కన కడుతున్న బిల్డింగ్ సెల్లార్ చూశారు. ఏమీ దొరకలేదన్నారు. అక్క మా వీధికి కొత్తగా వచ్చిన రోజులవి. వస్తూనే గదిలో నేల మీద బోర్లా పడుకుని మంచం కిందకి టార్చి వేసింది.

"హాస్టలమ్మా, జర ఇటు రా. గీ బకెట్ల చూడు."

టార్చి వెలుగు పడగానే నీళ్లలో సన్నటి నల్లపోగులు వంకర్లు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. అన్నీ దోమపిల్లలే. నాకు తల కొట్టేసినట్టయింది. "శుభ్రమైన నీళ్లే కదక్కా, తాగే నీళ్లు" అన్నాను.

"డెంగీ దోమకు సుత శుభ్రమైనవే కావాలె. మురికినీళ్ల దోమ వేరే, గిది వేరే. గిది నీ లెక్కనే, మస్తు పట్టింపు మనిషి" అని నవ్వింది.

ఆ రోజు బకెట్లన్నీ బాత్రూంలోకి ఈడ్పించి, తను కింద కూర్చుని కొబ్బరిపీచుతో ఒక్కొక్కటీ లోపలి గోడలు రుద్దింది. నీళ్లు పారబోస్తే చాలదా అన్నాను. "ఒంపితె నీళ్లు పోతయ్. రుద్దితెనే గుడ్లు పోతయ్" అంది. ఆ గుడ్లు బకెట్ గోడకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయట. అప్పటినుంచి ప్రతి శుక్రవారం మా పిల్లలకు బకెట్లు రుద్దే రోజయింది. విసుక్కునే పిల్లని అక్క తిట్టేది కాదు, ఆ పిల్ల బకెట్ తనే తీసుకుని రుద్దేది. సిగ్గుపడి లాక్కునేవాళ్లు.

ఆ సీజన్‌లోనే అక్కకీ డెంగీ వచ్చింది. తేలిగ్గానే పోయింది. కోలుకుని వచ్చిన రోజు నేనే అన్నాను, "ఇంక నీకు భయం లేదక్కా, నీకొకసారి వచ్చిపోయిందిగా" అని. నా నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు.

అక్క గేటు దగ్గరున్న మా వాచ్‌మన్‌ని చూపించింది. "నలుగురు అన్నదమ్ములున్నరు అనుకో. అందరు దొంగలే. పెద్దోడు గోడ దుంకిండు, మీ వాచ్‌మన్ పట్టుకొని తన్నిండు. ఇగ వాడు జన్మల ఇటు రాడు. కొన్నొద్దులైనంక రెండోడొచ్చిండు. అదే మొఖం, అదే నడక. వాచ్‌మన్ ఉరికి పట్టుకున్నడు గని, వీన్ని కట్టేసుడు చాతనైతలేదు. పట్టుకున్నోన్ని పట్టుకున్నట్టే గేటు తీసి లోపలికి తోల్కొచ్చిండు. దొంగకు గోడ దుంకే కష్టం సుత తప్పింది."

డెంగీలో నాలుగు రకాలున్నాయని నాకు అప్పుడు తెలిసింది. ఒక రకం వచ్చిపోతే దానికి ఒంట్లో కాపలా నిలబడిపోతుంది. మిగతా మూడింటికీ ఆ కాపలా కొన్ని నెలలే పనికొస్తుంది. ఆ తర్వాత వేరే రకం వస్తే, పాత కాపలాయే దాన్ని లోపలికి తీసుకెళ్లే ప్రమాదం ఉంది. అందుకే రెండోసారి వచ్చినప్పుడు ముదిరే అవకాశం ఎక్కువ. ఇదంతా ట్రైనింగ్‌లో ఒక డాక్టరమ్మ చెప్పిందట. దొంగల కథ మాత్రం అక్క సొంతం.

"మరి ఏ రకం ఎవరికివ్వాలో దోమకి తెలుస్తుందా?" అని వెటకారంగా అడిగాను.

"దోమకేం ఎరుక? ఒకల రక్తంల ఏముంటే గదే కడుపుల ఏసుకుంటది. వారం పదొద్దులు మోస్తది. ఆనించి ఎవల్ని కుడితె వాళ్లకు ఇచ్చిపోతది. నీ హాస్టల్ల కర్నూలు పిల్ల ఉన్నది, ఆదిలాబాద్ పిల్ల ఉన్నది, విజయనగరం పిల్ల ఉన్నది. ఎవలు ఏ ఊరిది మోసుకొస్తరో! అమీర్‌పేట దోమకు అన్ని ఊర్ల చుట్టాలే."

పదో తరగతి చదివిన అక్కకు అర్థమైన ఈ ముక్క, ఆమె మీద పెత్తనం చేసే సూపర్‌వైజర్‌కి అర్థం కాలేదు. కాలేదని కూడా అనను, అవసరం లేకపోయింది. అతను ఒక పద్ధతి పెట్టాడు. డెంగీ ఒకసారి వచ్చిపోయిన పనివాళ్లందరినీ జ్వరాలున్న ఇళ్లకే పంపాలి, వాళ్లకు మళ్లీ రాదు కాబట్టి. అసలు వైరస్ ఉండేదే రోగి ఉన్న ఇంట్లో తిరిగే దోమ కడుపులో. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా ఎక్కడ డెంగీ అని తేలినా ఆ ఇల్లు అక్కదే. ఎదురు చెబితే, "నాకే సైన్స్ చెప్తున్నవా?" అన్నాడట. ఆ మాట నాకు చెప్పి అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక నా సంగతి. నా టేబుల్ మీద, ఉత్తరం కిటికీ పక్కన, పచ్చ గాజుసీసాలో మనీప్లాంట్ ఉంటుంది. వాస్తు చూసినాయన పెట్టించాడు, కదిలించొద్దన్నాడు. అక్క ప్రతి శుక్రవారం ఆ టేబుల్ ముందు కుర్చీలో కూర్చుని టీ తాగి, సంతకం పెట్టించుకుని వెళ్లేది. పోతూ పోతూ సీసా వైపు చూసేది. "నీళ్లు మార్చినవా హాస్టలమ్మా?" "మార్చానక్కా." పిల్లల గదుల్లో బోర్లా పడుకుని వెతికిన మనిషి నా సీసా ఒక్కసారీ వంచి చూడలేదు. వయసులో పెద్దదాన్ని, టీ ఇచ్చేదాన్ని, నా మాట నమ్మింది. నేను నెలల తరబడి ఒక్కసారీ మార్చలేదు. తగ్గితే పైనుంచి ఇన్ని పోసేదాన్ని. పచ్చ గాజు కదా, లోపలేముందో కనపడదు.

ఆఖరి శుక్రవారం అక్క కుర్చీలో కూలబడినట్టు కూర్చుంది. టీ వద్దంది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"ఏంటక్కా, అలా ఉన్నావు?"

"నాలుగొద్దుల సంది జ్వరముండె. పొద్దుగాల తగ్గింది. కడుపుల నొస్తుంది జర."

జ్వరం తగ్గిన రోజే జాగ్రత్తగా ఉండాలని, కడుపు నొప్పి, వాంతి ఉంటే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలని మా పిల్లలకు చెప్పింది ఈ అక్కే. ఆ పాఠం జరుగుతున్నప్పుడు గుమ్మంలో నిలబడి తలాడించింది నేనే. అయినా ఏమన్నానో తెలుసా? "తగ్గిందిగా, ఇంకేం. డెంగీ అయితే కాదులే, నీకొకసారి వచ్చిపోయిందిగా."

అక్క నా వైపు చూసింది. దొంగల కథ మళ్లీ చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "మా సారు సుత గదే అన్నడు" అంది. రిజిస్టర్ నా ముందుకు జరిపింది. నిల్వ నీరు లేదు అన్న గడిలో నేను సంతకం పెట్టాను.

ఆమె కూతుర్ని చూడటానికి ఆదివారం ఎర్రగడ్డ వెళ్లాను. రైతుబజార్ వెనక ఒక గది. గది బయట రెండు డ్రమ్ములు, రెండింటికీ పాత చీర ముక్కలు బిగించి తాళ్లు కట్టి ఉన్నాయి. ఆ పిల్ల ఏడవడం లేదు. కోపంగా ఉంది.

"ఆంటీ, అమ్మకు ఎరుకే. టెస్టు చేపిచ్చుకుంట, సెలవియ్యి సార్ అని ఫోన్ చేసింది. ఒకసారి వచ్చినోళ్లకు మళ్ల ఎట్లొస్తది, నాటకాలు చెయ్యకు అన్నడు. పక్కగల్లి క్లినిక్ ఆయనకు సుత పోయినసారి డెంగీ అయ్యిందని చెప్పింది. గట్లయితె ఇది మామూలు జ్వరమే అని నొప్పుల సూది ఏసి పంపిండు. శనివారం పొద్దుమూకంగ కాళ్లు చేతులు సల్లగైనయ్. పెద్దాసుపత్రిల డాక్టరేమన్నడో ఎర్కనా? ఇది రెండోసారి, వేరే రకమై ఉంటది, నిన్ననే తేవాల్సుండె అన్నడు."

తర్వాత ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "నిన్ననంటె శుక్రవారం. శుక్రవారం అమ్మ మీ దిక్కే ఉండె గదా?" అని అడిగింది.

అవునన్నాను. అంతకుమించి చెప్పే ధైర్యం లేక బయటికొచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. అమ్మా, నువ్వు ఎప్పుడైనా ఇది చదివితే, మీ అమ్మకు ఆ మాట చెప్పిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఆ ఇద్దరూ మీ అమ్మకు పాఠం చెప్పే అవకాశమే ఇవ్వలేదు. నాకు చెప్పింది, కూర్చోబెట్టి, నవ్వించి మరీ చెప్పింది.

తిరిగి వచ్చేసరికి మా వీధంతా దోమల మందు పొగ. మనిషి పోయాక మిషన్ వచ్చింది. "పొగల ఫొటో మంచిగొస్తది, గంతే" అనేది అక్క. గుర్తొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. మిషన్ మోత, ఎవరికీ వినపడలేదు. లోపలికొచ్చి ఆఫీసు గది తలుపేసుకుని, కదిలించొద్దన్న సీసాని కదిలించాను. తీగ బయటికి లాగేసి, నీళ్లు తెల్ల బేసిన్‌లో ఒంపాను. టార్చి వేశాను.

నల్లపోగులు. ఎన్నో. వెలుగు పడగానే వంకర్లు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి.

ఆ నెలలో మా హాస్టల్లో ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చి తగ్గింది. అక్క వారం వారం ఈ సీసా పక్కన పావుగంట కూర్చునేది. తనని కుట్టిన దోమ ఈ కిటికీ దగ్గరదా, పంజాగుట్టలో ఏ జ్వరం ఇంటిదా, ఎవరూ తేల్చి చెప్పలేరు. తేల్చి చెప్పలేరన్నది నాకు ఊరట కాదు.

బేసిన్ ఎండలో పారబోసి, బాత్రూంలో నేల మీద కూర్చున్నాను. పిల్లలు బకెట్లు రుద్దే కొబ్బరిపీచు తీసుకున్నాను. ఒంపితే సరిపోదు కదా. సీసా ఒళ్లో పెట్టుకుని రుద్దబోయాను. సీసా మూతి సన్నం. పీచు పట్టుకున్న నా చెయ్యి లోపలికి పోలేదు.