చివరి పదహారు పేజీలు

బొమ్మనహళ్ళిలో ఆఫ్రికా ఖండానికి సంబంధించిన సమస్త వ్యవహారాలూ చూసుకునేవాడు మునినారాయణప్ప. వయసు అరవై మూడు. తూర్పున హొసకోటె దాటి ఎరగడు. దాటవలసిన అవసరం ఇంతవరకు కలగలేదని ఆయన వాదన.

హొసూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, జిరాక్స్ అంగడికీ కోడిమాంసం అంగడికీ మధ్య, ఎనిమిదడుగుల గదిలో ఆయన తెలుగు పుస్తకాలు అద్దెకిస్తాడు. ప్రేమకథలూ డిటెక్టివులూ కింది అరలో ఉంటాయి. అడిగితే ఇస్తాడు గానీ ముఖం పక్కకు తిప్పుకొని ఇస్తాడు. కంటికి ఎదురుగా ఉండే మూడు అరలూ దొరలు ఏలిన కాలం నాటి ఆఫ్రికావే. ఏనుగు దంతాల కోసం పోయినవాళ్ళు, నది పుట్టిన చోటు వెతకబోయి జ్వరంతో తిరిగొచ్చినవాళ్ళు, ఎడారిలో కోటకు కాపలా కాసి కాసి ఎందుకు కాస్తున్నారో మరిచిపోయినవాళ్ళు, అందరూ అక్కడే దుమ్ము పట్టకుండా ఉంటారు.

గార్మెంట్స్‌లో కుట్టేవాళ్ళు, కట్టడాల పనికి కదిరి నుంచీ హిందూపురం నుంచీ వచ్చినవాళ్ళు ఆయన పాఠకులు. వాళ్ళను పుస్తకం ఎన్నుకోనివ్వడు. "నిద్ర పడతాండాదా? సూపర్‌వైజర్ ఎట్లోడు?" అని నాడి చూసి మరీ ఇస్తాడు. సూపర్‌వైజర్ అరిచే రకమైతే సింహాల వేట. ఇల్లు ఇరుకైతే ఎడారి. ఇట్లా నాలుగు నవలలు అయ్యాక ఐదోది తప్పకుండా నిజ కథ. అది ఆయన శాస్త్రం. "నవలలో దొర ఏనుగును కొడతాడు, మీరు చప్పట్లు కొడతారు. ఆ దంతాన్ని మూడు నెలలు మోసినోడు ఎవరప్పా? వాడు నిజ కథలో ఉంటాడు" అంటాడు.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. అద్దెకిచ్చే ప్రతి పుస్తకానికీ చివరి పదహారు పేజీలు విప్పి తన దగ్గర ట్రంకు పెట్టెలో పెట్టుకుంటాడు. పుస్తకం వాపసు తెచ్చినవాళ్ళు అంగడి ముందు బెంచీ మీద కూర్చొని ఆ పేజీలు చదివి, కథ ముగించుకొని పోవాలి. ఈ పద్ధతి మొదలుపెట్టి ఇరవై తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి ఒక్క పుస్తకం పోలేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నాగలక్ష్మి వచ్చి ఒక పుస్తకాన్ని బల్ల మీద పడేసింది. ఆమె పక్క వీధి గార్మెంట్స్‌లో చెకర్. కుట్టిన చొక్కాలలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం.

"ఇది మా ఆయనకి ఇచ్చింది నువ్వే కదప్పా?"

మునినారాయణప్ప అట్ట చూశాడు. దొరల కాలంలో ఓడెక్కి ఆఫ్రికాకు పోయి, సముద్రం నుంచి సరస్సు దాకా రైలుదారి వేసిన కూలీ ఒకడు చెప్పగా రాసుకున్న నిజ కథ. "నేనే. హనుమంతుకు ఇచ్చినా. బో మంచి పుస్తకం."

"మంచిదే. దీని పుణ్యాన ఆయన ఆఫ్రికాకి పోతాండాడు."

మునినారాయణప్ప ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ బోధనలో ప్రయోగశాలకు పోతున్న మొదటి శిష్యుడు. "ఎప్పుడు?"

"రేపు పొద్దున విమానం. ఈ పొద్దు మూడు గంటలకి జిగణిలో సంతకం. గనిలో బండి తోలే పని, మూడేండ్లంట. ప్రసాద్ అని ఏజెంటు, పాస్‌పోర్టు వారం కిందే తీసుకున్నాడు. ఏ ఊరప్పా అంటే ఊరు కాదు, సైటు అంటాడు. ఫోన్ నెంబరు ఆడ దిగినాక ఇస్తాడంట."

వెలుగు ఆరిపోయింది.

"మా గార్మెంట్స్ లైన్లో కుట్టే ఓబులమ్మ మొగుడు అట్లే పోయినాడు. రెండేండ్లాయె. పాస్‌పోర్టు నెంబరు తప్ప ఆయన గురించి ఆమెకు ఏమీ తెల్దు" అంది నాగలక్ష్మి. "చెప్పినా, ఏడ్చినా, వంట చేయకుండా కూర్చున్నా. 'ఆ కూలీ పోయి మేస్త్రీ అయినాడు, నేను కాలేనా' అంటాడు. ఆ కూలీని ఆయన నెత్తిలోకి ఎక్కించింది నువ్వు. దించేది కూడా నువ్వే."

పుస్తకాలు చదివి చెడినవాళ్ళు లేరని ఒక ఉపన్యాసం ఆయన దగ్గర సిద్ధంగా ఉండేది. దాన్ని మొదలుపెట్టబోతూ అలవాటు కొద్దీ పుస్తకం వెనక వైపు తిప్పాడు. తిప్పి ఆగిపోయాడు. హనుమంతు దీన్ని నాలుగు నెలల కింద తీసుకుపోయాడు. పని హొసకోటె వైపు పడి మళ్ళీ రాలేదు. అంటే కూలీ ఓడెక్కడం చదివాడు, జిరాఫీని చూడడం చదివాడు, మేస్త్రీ కావడం చదివాడు. ఆ మేస్త్రీ తన ఒప్పందం కాగితాన్ని మూడేళ్ళ తరువాత ఒక గుమాస్తాతో చదివించుకొని, పట్టాలు సరస్సును చేరేదాకా తనను వదిలేది లేదని దాంట్లో ఉన్నట్టు తెలుసుకోవడం ఆ చివరి పదహారు పేజీల్లో ఉంది. ఆ పదహారు పేజీలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

మునినారాయణప్ప పెట్టె తెరిచాడు. పేజీలు వెతికి తీసుకొని, షట్టర్ దించి తాళం వేశాడు. కోడిమాంసం అంగడివాడు కత్తి ఆపి, "ఎవురు పోయినారప్పా?" అని అడిగాడు. పగటిపూట ఆ షట్టర్ దిగేది ఎవరైనా చచ్చిపోయినప్పుడే.

"ఇంకా పోలేదు" అన్నాడు మునినారాయణప్ప.

నాగలక్ష్మి అరపూట సెలవు చెప్పి వచ్చేసరికి రెండు. హొసూరు రోడ్డు మీద ఆటో నడవడం లేదు, నిలబడుతోంది. ఆమె మొగుడికి ఏడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. బొమ్మసంద్ర దగ్గర గ్రానైట్ లారీ ఒకటి అడ్డంగా తిరుగుతూ ఎనిమిది నిమిషాలు తినేసింది. అరణ్యాలలో దారి తప్పినవాళ్ళు ఓపిక పట్టాలని వందలమందికి చెప్పిన మునినారాయణప్ప ఆటోలోంచి తల బయట పెట్టి లారీవాణ్ణి కన్నడంలో తిట్టాడు.

"మూడు దాటితే?" అన్నాడు.

"సంతకం పెట్టినాక అట్లే బండెక్కించుకొని పోతారంట. అందర్నీ ఒక గదిలో పెట్టి పొద్దున ఏర్‌పోర్టుకి తీసుకుపోతారంట" అంది నాగలక్ష్మి.

జిగణిలో రాళ్ళు కోసే ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న టీ హోటల్‌కు చేరేటప్పటికి మూడుకు ఇంకా ఐదు నిమిషాలు ఉంది. లోపల హనుమంతు కొత్త చొక్కాలో కూర్చొని ఉన్నాడు. బెంచీ కింద అతని సంచి. ఎదురుగా ఇస్త్రీ నలగని ప్రసాద్, ముందు కాగితాలు, కాళ్ళ దగ్గర నల్ల బ్యాగు. పెళ్ళాన్ని చూడగానే హనుమంతు ముఖం గట్టిపడింది.

"ఈయన్ని ఎందుకు తెచ్చినావే?"

"రండి, కూర్చోండి. టీ చెప్పనా అంకుల్?" అని ప్రసాద్ కుర్చీ జరిపాడు. మర్యాదస్థుడు.

మునినారాయణప్ప పేజీలు హనుమంతు ముందు పెట్టాడు. "నువ్వు చదవనివి. చదివినాక సంతకం పెట్టు."

"సుమ్నే, ఊరికే టైం వేస్ట్" అని ప్రసాద్ నవ్వాడు. అయినా హనుమంతు చదివాడు. పెదవులు కదిలిస్తూ, వేలు వరుస మీద పెట్టి, నాలుగు పేజీలు. ఎదుటి ఫ్యాక్టరీలో రంపం రాయిని కోస్తున్న చప్పుడు మధ్య ముగ్గురూ అతని వేలినే చూశారు. వేలు ఆగింది.

"పాపం" అన్నాడు హనుమంతు. "అది దొరల కాలం కదప్పా. ఇప్పుడు కంపెనీ." పేజీలు మడిచి వెనక్కిచ్చాడు. "ఈడ నేనేం తోలతాండానో తెలుసునా? చిన్న బండి. పొద్దున మట్టి తీస్తా, సాయంత్రం అదే మట్టి పూడుస్తా. ఆడ ఇల్లంత బండి ఉంటాదంట. చక్రమే నా కంటే ఎత్తు. ఒక్కసారి దాని మీద కూర్చోవాల." పెన్ను తీసుకున్నాడు.

మునినారాయణప్ప సిఫారసు ఇంత వేగంగా ఓడిపోవడం ఇదే మొదటిసారి. హనుమంతు మొదటి కాగితం అడుగున సంతకం చేశాడు. రెండోది. మూడోది. నాగలక్ష్మి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాపసు వచ్చిన పుస్తకంలో పేజీలు బొటనవేలితో లెక్కపెట్టే అలవాటు ఉన్న మునినారాయణప్ప చేయి, ఆయన్ను అడక్కుండానే, బల్ల మీది కాగితాల అంచు మీదికి పోయింది.

ఐదు. ఐదోదాని అడుగున ఇంగ్లీషులో అచ్చయి ఉంది: ఆరింటిలో ఐదో పేజీ.

"ఆరోది యాడుండాది?"

"అది ల్యాండ్ అయినాక ఇస్తాం అంకుల్, ఫార్మాలిటీ" అన్నాడు ప్రసాద్ తేలికగా. "ముందే అన్నీ ఇచ్చేస్తే వీళ్ళు మా దగ్గర సైన్ చేసి ఇంకో ఏజెంట్‌తో పోతారు. లాస్ట్ పేజ్ మా దగ్గర ఉంటే ఎక్కడికీ పోరు."

ఆ మాట మునినారాయణప్ప ఇంతకుముందు విన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా తన నోటి నుంచే వింటున్నాడు. కుర్చీలో కొంచెం చిన్నవాడయ్యాడు.

"హనుమంతూ, ఈయన చెప్పేది నిజం" అన్నాడు.

నాగలక్ష్మి విరుచుకుపడింది. "ఇదా నువ్వు దించేది?"

"ఉండమ్మా. చివరి కాగితం పెట్టుకున్నోణ్ణి వదిలి ఎవురూ పోలేరు. నేను బతికేదే ఆ పనితో. కథ చివర బాగలేదని నేను దాస్తానా? లేదు. నువ్వు నా చేయి దాటకూడదని దాస్తా. నా దగ్గరైతే నీకు పోయేది ఒక కథ. ఈయన దగ్గర..."

"మూడేండ్లు" అంది నాగలక్ష్మి.

"మూడని ఎవురు చెప్పినారు? అది ఆరో పేజీలో ఉంటాది."

నాలుగో కాగితం మీద పెన్ను సగం పేరు రాసి ఆగింది.

"ప్రసాదన్నా, ఆ పేజీ ఫొటో తెప్పించు, ఫోన్లో. చదివించుకుంటా" అన్నాడు హనుమంతు.

"అది సిస్టంలో ఉండదు బ్రదర్."

"అయితే సంతకం ఉండదు."

ప్రసాద్ నవ్వు అట్లాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. "చూడు, పాస్‌పోర్ట్ ఆఫీసులో ఉంది. క్యాన్సిల్ అంటే వాపసు రావడానికి నెలలు పడతాయి. నువ్వు పోకపోతే ఇంకోడు పోతాడు." అంటూనే కాలితో నల్ల బ్యాగును బెంచీ కిందికి ఒక జానెడు జరిపాడు.

రోజుకు ఎనిమిది వందల చొక్కాల కుట్లు చూసే కన్ను ఆ జానెడును చూసింది. నాగలక్ష్మి వంగి బ్యాగు లాగి ఒళ్ళో పెట్టుకుంది. "ఆఫీసు ఇదేనా అన్నా?"

"ఏయ్, టచ్ చేయొద్దు!"

జిప్పు తెరుచుకుంది. రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్ట, పదకొండు. హోటల్ యజమాని గల్లా దగ్గర నుంచి లేచి "ఏనప్పా గలాటె?" అన్నాడు. టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకునే చుట్టూ చేరారు. ఇంతమంది ముందు ఆడమనిషి ఒళ్ళోంచి బ్యాగు గుంజుకోవడం మర్యాదస్థుడికి కుదరలేదు. నాగలక్ష్మి ఒక్కొక్క ఫొటో చూసి, ఆరోదో ఏడోదో మొగుడి ముఖం దొరకగానే దాన్ని జాకెట్టులో పెట్టుకొని, బ్యాగు కింద పడేసింది. హనుమంతు తాను సంతకం చేసిన కాగితాలు మడిచి కొత్త చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

"అవి కంపెనీ పేపర్స్" అన్నాడు ప్రసాద్.

"నా పేరు నాది" అన్నాడు హనుమంతు. మునినారాయణప్ప వైపు తిరిగాడు. కృతజ్ఞత కోసం చూస్తున్న ఆ పెద్దమనిషికి అది దొరకలేదు. "ఇన్నేండ్లు మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టింది ఇందుకా అప్పా?"

మునినారాయణప్ప తల దించుకొని, అవునన్నాడు.

"ఆరు పేజీలూ చూపించినోడు దొరికితే నేను పోతా" అన్నాడు హనుమంతు పెళ్ళాంతో.

"పో. ఆరూ నేను కూడా చూసినాక పో."

అప్పుడే హోటల్ ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. వెనక కూర్చున్న మనిషి నెత్తి మీద నుంచి పెద్ద సంచి దించుకుంటూ, ప్రసాద్ అనే ఆయన ఇక్కడేనా అని అడుగుతున్నాడు. ప్రసాద్ బ్యాగు అందుకొని అటు లేచాడు. హనుమంతు బల్ల దాటి అతనికంటే ముందు గడప దగ్గరికి చేరాడు.

"అన్నా, నిలువు. ఏ ఊరు మీది?" అన్నాడు. "సంతకం పెట్టే ముందు కాగితాలు లెక్కపెట్టు. రా, నేను కూర్చుంటా నీ పక్కన."