ఖాలా కంప్యూటర్‌కు పెట్టిన మూడు సెల్లు

...అందుకె నా అనుమానం ఇంక పోతలేదు. నిన్న గీడిదాంక రాసి, అవ్వ పిలిస్తె ఆపేసిన. ఇప్పుడు మల్ల చదివితె నాకే సమజైతలేదు. అనుమానాలన్ని రాసిన గని అసలు ముచ్చట రాయనే లేదు. ఖాలా చనిపోయింది. పోయిన శుక్రవారం. ఆయాసం ఎక్కువైందని పొద్దుగాల జీపుల మహబూబ్‌నగర్ దవాఖానకు తీస్కపోయిన్రు, మాపటికి అదే జీపుల పండవెట్టి తెచ్చిన్రు. జీపు రాకముందే కబురు వచ్చింది, నాకు బడిల తెల్సింది. మిస్ బోర్డు మీద ఏదో రాస్తున్నది. నేను తల వంచుకొని పెన్సిలు చెక్కుకుంటనే ఉన్న, మొత్తం పొట్టు అయ్యేదాంక. ఏడిస్తె 'ఆమె నీకేమైతది' అని అడుగుతరు గదా.

ఆమె నాకు ఏమీ కాదు. మా ఇల్లు వేరు, వాళ్ల ఇల్లు వేరు, దేవుడు గూడ వేరు. కొత్తకోటల హైవే మీద, లారీలు ఆగే కాడ, టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిస్తుండె. అందరు ఖాలా అంటుండ్రి, వాళ్ల భాషల చిన్నమ్మ అన్నట్టు, నేను గూడ అన్న. ఇది ఎవరు చదువుతరో నాకు తెల్వదు. ఎవరైన కానీ, ఒక్కటి మాత్రం ఎవ్వరికి చెప్పకుండ్రి. నేను ఆడికి పోతున్నట్టు మా ఇంట్ల తెల్వదు.

పోయినేడాది మా గల్లీల ఒక అక్క వేరే ఇన్‌స్టిట్యూట్‌కు పోయి, ఆడ పరిచయమైన పిలగానితోని పోయింది. గా దినం నాయిన పల్లెం ముందల కూసొని, అన్నం ముట్టకుండ, "నువ్వు ఇన్‌స్టిట్యూట్ల దిక్కు పోయినవంటె బడి బందు, సమజైందా?" అన్నడు. నేను తల ఊపిన. అప్పటికే పోతున్న, లెక్కల ట్యూషన్ అని చెప్పి. నాయిన ఊకె బెదిరిచ్చే మనిషి కాదు. అన్నడంటె చేస్తడు. ఇంగ్లీష్ మీడియం ఫీజు కట్టనీకె ఎంత కష్టపడ్తడో, మాన్పిచ్చనీకె అంత సేపు పట్టదు.

ఖాలా కాడ టైపు మిషన్లు వరుసగ ఉంటుండె, మూలకు ఒక్క కంప్యూటర్. ఆమె పెనిమిటి పనిచేసిన పల్లి నూనె మిల్లు మూతపడ్డప్పుడు ఆయిన ఇంటికి తెచ్చిండట. ఆయిన పోయిండు, కంప్యూటర్ ఉండిపోయింది. దాని మీదనే లారీల లోడు కాయితాలు, పెండ్లి పత్రికలు, అర్జీలు కొట్టి ఇస్తుండె.

ఒకనాడు హైదరాబాద్‌కెల్లి కంపెనీ ఆయిన వచ్చిండు, టై కట్టుకొని. "మేడం, ఈ మోడల్ మా వాళ్లు ఆపేశారండి. పార్టులు రావు, రిపేరుకు ఎవరూ రారు. దీనికి సంవత్సరంలో చివరి రెండంకెలే తెలుసు, రెండువేల సంవత్సరం వచ్చిందంటే ఇది ఎలాగూ ఆగిపోతుంది. కొత్తది తీసుకోండి" అన్నడు. ఖాలా ఆయినకు చాయ పోసింది, బిస్కిట్లు గూడ పెట్టింది, అన్ని తలకాయ ఊపుకుంట ఇన్నది. ఆయిన మెట్లు దిగినంక నా దిక్కు తిరిగి, "సూసినవా బేటీ, సావు తారీఖు గూడ చెప్పి పోయిండు. డాక్టర్లు గూడ గట్ల చెప్పరు" అన్నది.

ఆమెకు ఎవ్వరి మీద నమ్మకం లేకుండె. "ఎవలన్న ఊకె మంచిగ మాట్లాడుతుండంటె, ఏం అమ్మనీకె వచ్చిండో సూడు" అంటుండె. ముందటి అర్రల కిరాణ దుకాణం పెట్టుకున్న సొంత మరిది మీద గూడ నమ్మకం లేదు. ఆయిన చక్కెర తూకం ఏస్తుంటె పరద సందులకెల్లి సూస్తుండె. నాకు గిప్పుడు ఇన్ని అనుమానాలు వస్తున్నయంటె, సగం ఆమె నేర్పినయే.

మిగిలిన సగం చదువు గా పాత డబ్బ కాడనే నేర్పింది. ఎండకాలంల లోపలి చిప్పులు వేడికి జర జర మీదికి లేస్తయి. డబ్బ మూత తీసి, నా బొటనవేలు పట్టుకొని ఒక్కొక్క దాన్ని ఒత్తిపిస్తుండె. "గట్టిగ కాదు. చంటిపోరి ముక్కు పిండినట్టు." కార్డుల అంచులకు పెన్సిలు రబ్బరు రుద్దుతుండె. ప్రింటర్ రిబ్బన్ తెల్లబడితె స్టాంపు ప్యాడు సిరల రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె కలిపి రిబ్బన్‌కు పూస్తుండె. మల్ల కొత్తగ అయితుండె, కాకపోతె చేతులు వారం దాంక నీలం. నేను ఇంట్ల పెన్ను లీకైందని చెప్తుంటి.

అన్ని సక్కగనే చేసిందని కాదు. వానకాలంల కంప్యూటర్‌కు సర్ది పడ్తదని దుప్పటి కప్పుతుండె, నేను ఎంత చెప్పిన ఇనలేదు. ఒకపారి కీబోర్డును కుంకుడు రసంతోని కడిగి ఎండల పెట్టింది. అప్పటిసంది స్పేసు కొట్టాలంటె పిడికిలితోని గుద్దాలె.

"గిదేంది ఖాలా, గిట్ల చేసినవు?"

"శుభ్రం జర ఎక్కువైంది, గంతే. నువ్వు గుద్దు."

అన్నిటికంటె పెద్ద పరేషాన్ బ్యాటరీతోని వచ్చింది. కంప్యూటర్ బందు చేసినంక గూడ తారీఖు, లోపల ఏ డిస్కు ఉన్నదో యాది పెట్టుకోనీకె దాంట్ల ఒక చిన్న బ్యాటరీ ఉంటది. గది అయిపోయింది. కంపెనీల దొరకదు. పొద్దుగాల ఆన్ చేస్తె, నాకు డిస్కే లేదంటది. డిస్కు లోపలనే ఉంటది, మనం కొట్టినయన్ని అండ్లనే ఉంటయి, దానికే యాది ఉండదు. ఖాలా లోపలికెల్లి రెండు వైర్లు ఎన్కకు గుంజి, మూడు టార్చిలైటు సెల్లు ఒక దాని ఎన్క ఒకటి పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతోని బిగిచ్చి కట్టింది. మల్ల యాది వచ్చింది. "మర్సిపోయినోళ్లకు యాది చెయ్యాలె, బయట పారేస్తరా?" అన్నది.

సెల్లు మార్చినప్పుడల్ల కొత్తయాటికి నెయిల్ పాలిష్‌తోని గుర్తు పెడుతుండె, పాతయి కలవకుండ. పెనిమిటి పోయినంక గోర్లకు పెట్టుకోలేదు గని సీసా మాత్రం ఎండిపోనియ్యలేదు. పోయినపారి సీసా నా చేతికే ఇచ్చింది. నేను మూడిటి మీద తోకచుక్క గీసిన. చిన్న గుండ్రం, దానికి మూడు గీతలు.

"గిదేంది?"

"తోకచుక్క, ఖాలా. నా బుక్కులన్నిటి మీద గిదే ఉంటది."

"మంచిగుంది. ఎవడన్న ఎత్కపోతె జల్ది దొరుకుతడు."

సెల్లు తీసి పెట్టినప్పుడల్ల డిస్కు నంబరు దానికి మల్ల చెప్పాలె. గా నంబరు ఖాలా ఏడ రాయలేదు. "రాస్తె మరిది చదువుతడు. మరిది చదివితె కంపెనీ ఆయినకు చెప్తడు." నా చెవుల చెప్పింది, తైలం వాసన, దగ్గు ఆపుకుంట. నేను గూడ గీడ రాయ.

గా దినమే తలుపు దగ్గరికేసి, రెండువేల సంవత్సరం పెట్టి సూసినం. తారీఖును ఈ ఏడాది ఆఖరి దినానికి, గడియారాన్ని రాత్రి పన్నెండు కొట్టే ముందటికి జరిపి, బందు చేసి, జరసేపు ఆగి ఆన్ చేసినం. వచ్చింది. ఆగిపోలేదు. గని 1980 అన్నది.

ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "అప్పటికి నువ్వు పుట్టనే లేదు. నా నిఖా గూడ కాలేదు. జర ఆగు, సూడనీ, మా అమ్మ నన్ను పిలుస్తదేమో." అటెన్క నవ్వు ఆపి, చేత్తోని 2000 అని కొట్టింది. మంచిగ తీస్కున్నది. "గింతే. టై కట్టుకొని గింత దూరం వచ్చి భయపెట్టిండు. కొత్త సంవత్సరం పొద్దుగాల నువ్వు రా, తారీఖు నువ్వే కొట్టు." అటెన్క, నన్ను సూడకుండ, "నేను లేకున్నా గూడ కొట్టు. దీన్ని పాతినుము కొనే కబాడికి పోనియ్యకు" అన్నది.

నేను ఊ అన్న. గది ఉత్త మాట అనుకున్న.

ఆదివారం, మూడో దినం జియారత్‌కు గల్లీల ఆడోళ్లంత పోయిన్రు. అవ్వ పక్కన నేను, ఆ ఇల్లు ఎన్నడు సూడనట్టు కూసున్న. పరద అవతల ఖాలా మరిది, గా టై ఆయిన కంప్యూటర్ ముందల నిలబడ్డరు. ఆయినకు కబురు ఎవరు పంపిన్రు? మట్టి ఆరకముందే ఎట్ల వచ్చిండు? "డిస్క్ పోయిందండి, చూపించట్లేదు. నంబరు ఏదో అడుగుతోంది. ఇంక ఇనుము కిందికే" అన్నడు. మరిది, "వదినె పోయింది, ఇది గూడ పోయింది" అని ముఖం తుడుసుకున్నడు. నిజంగనే ఏడ్చిండో, మాకు కనపడాలని తుడుసుకున్నడో నాకు తెల్వదు. నాకు కనపడ్డది వేరే. డబ్బ ఎనుక రెండు వైర్లు ఉత్తగ ఏలాడుతున్నయి. ట్యూబు ముక్క కింద పడి ఉన్నది. సెల్లు లేవు.

నోరు తెరిస్తె, "సెల్లు పెట్టుండ్రి, నంబరు నేను చెప్త" అంటె అయిపోతుండె. నా మోచేతికి అవ్వ మోచెయ్యి తలుగుతున్నది. నేను నోరు మూసుకున్న.

అప్పటిసంది ఒక్కటే ఆలోచన. మరిదే తీసిండా, ఖరాబైందని చెప్పి అమ్ముకోనీకె? టై ఆయిన తీసిండా, కొత్తది అమ్మనీకె? నిన్నటిదాంక నేను రాసినయన్ని గవే.

ఇయ్యాల మాపు కరెంటు పోయింది. అవ్వ బియ్యంల రాళ్లు ఏరుకుంట టార్చి పట్టమన్నది. మాది మూడు సెల్ల టార్చి, నాయిన బాయికాడ మోటరు పెట్టనీకె తీస్కపోయేది. జర మిణుకుమంటె మూత తిప్పి సెల్లు బయటికి తీసిన.

తోకచుక్క. మూడిటి మీద మూడు.

"అవ్వా, గీ సెల్లు ఏడియి?"

"ఏడియేందే, చెట్టుకు కాస్తయా?"

"గట్ల కాదు. మనయి వేరే ఉండె గదా."

"గా శుక్కురారం కరెంటు లేకపాయె. మీ ఖాలా మట్టికి మీ నాయిననే ముందల టార్చి పట్టిండు. నడిమిట్ల మన సెల్లు గుడ్డిగైనయట. ఆమె మరిది ఉరికి ఇంట్లకు పోయి, గా టీవీ అసొంటి డబ్బ ఎనుక ఉంటె గవి గుంజుకొచ్చి ఇచ్చిండట. పట్టు, సక్కగ పట్టు, రాయి కనబడ్తలేదు."

అంటె ఎవ్వరు దొంగతనం చెయ్యలేదు. ఖాలాకు ఖబరస్తాన్ దాంక తొవ్వ సూపిచ్చింది ఆమె కంప్యూటర్ సెల్లే. గందుకె అది అన్ని మర్సిపోయింది. నాకు జరసేపు ఏడుపు, నవ్వు రెండు వచ్చినయి. మరిదిని ఉత్తగనే అనుమానిచ్చిన.

గని అవ్వ 'మీ ఖాలా' అన్నది. అందరు ఖాలానే అంటరు. 'మీ' ఎందుకన్నది?

ఇంకొకటి. ప్రతి జూన్‌ల నా బుక్కులకు అట్టలేసేది నాయిననే. లేబుల్ మీద తోకచుక్క సూసి, "గిదేందే, ఎలుకపిల్లనా?" అని నవ్వుతడు. శుక్రవారం సంది గీ సెల్లు ఆయిన చేతులనే ఉన్నయి. సూడకుండ ఉంటడా? నిన్న నన్ను ఆపి, "ట్యూషన్ల లెక్కలు మంచిగ చెప్తున్నరా?" అని అడిగిండు. చేతుల టార్చి ఉండె. ఆన్ చేస్తున్నడు, ఆఫ్ చేస్తున్నడు. పొద్దున గూడ, ఎవ్వరు అడగకముందే, నా దిక్కు సూసుకుంట, "గా ఇన్‌స్టిట్యూట్ డబ్బను రేపు పొద్దుగాల కబాడాయిన తీస్కపోతడట" అన్నడు. నాకెందుకు చెప్పిండు? నేను ముఖం ఎట్ల పెడ్తనో సూడనీకా?

ఎవడన్న ఎత్కపోతె దొరుకుతడు అన్నది ఖాలా. దొరికింది నేనే.

రేపు కబాడాయిన వస్తడు. నంబరు ఖాలాకు తెలుసు, నాకు తెలుసు. ఖాలా లేదు. చెప్తె బడి పోతది. చెప్పకుంటె గా డబ్బ పోతది, ఇనుప సామాను నడుమ, ఆమె రాసినయన్ని కడుపుల పెట్టుకొని. ఇందాక టార్చి ఆయినకే ఇచ్చేసిన, ఏమీ సూడనట్టు. ఆయిన గూడ ఏమీ అనకుండ తీస్కొని బయటికి పోయిండు. కందిలి ముందల కూసొని గిది రాస్తున్న. ఆయిన మల్ల వస్తె నేను ఏమనాలె

తలుపు కొడుతున్నరు. కాయితాలకు అట్లాసు అడ్డం పెట్టుకొని రాస్తున్న.

నాయిననే. తలుపు కింద సందుల వెలుగు నా కాళ్ల దాంక వచ్చింది. "బిడ్డా, గా డబ్బ ఏదో నంబరు అడుగుతున్నదట" అంటున్నడు. కోపంగ ఉన్నదా గొంతు, లేదా, తెలుస్తలేదు.

వెలుగు ఆరిపోయింది. అవతల టార్చి మూత తిప్పుతున్న సప్పుడు. సెల్లు ఒక్కొక్కటి ఆయిన అరచేతుల పడుతున్నయి.