గదికో చెరువు

దారి తప్పినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. తప్పిన దారినే పట్టుకుని, నాలుగు రోజులు ధీమాగా తిరిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. మా ఆవిడ సుజాత చేతికొచ్చిన మొదటి పెద్ద ఆర్డరును నేను ఎలా నీళ్ళపాలు చేయబోయానో చెబుతాను, నవ్వుకోండి.

మేమిద్దరం బొమ్మలు వేసేవాళ్ళమే. నావి అమ్ముడుపోవు, ఆమెవి పోతాయి. ఖమ్మంలో కొత్త దవాఖానా కడుతున్న ఒక డాక్టరుగారు ఆమెను పిలిచి, నాలుగు గదులకు నాలుగు చెరువుల బొమ్మలు అడిగారు.

"పేషెంటు కండ్లు తెరిస్తే నీళ్ళు కనబడాలె మేడం. గదికో చెరువు. ఒక్కటే చెరువు తిప్పి తిప్పి వేస్తే మాత్రం వాపస్," అని ముందే చెప్పారు.

ఎండాకాలంలో కారేసుకుని బయల్దేరాం. సారపాకలో గది కిరాయికి తీసుకుని, రోజూ పొద్దున్నే ములకలపల్లి వైపు అడవిలోకి వెళ్ళి రోజుకో చెరువు చూడాలని మా ఏర్పాటు. స్టీరింగు నాది. ఫోన్లో సిగ్నల్ పోగానే సుజాత, "ఎవరినన్న అడుగుదామండీ," అంది.

"చిత్రకారుడికి సూర్యుడు చాలు," అన్నాను. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన కూర్చున్న సూర్యుడు ఏ దిక్కు చూపిస్తాడో మీరే చెప్పండి. పైగా ఎటు చూసినా జామాయిల్ తోటలే, ఏ చెట్టు ఏదో దాని తల్లికి కూడా తెలియదు.

మొదటి రోజే చెరువు దొరికింది. నీళ్ళ మధ్య ఎండిపోయిన మద్దిచెట్టు, థర్మాకోల్ తెప్ప మీద పసుపు తువ్వాల తలకు చుట్టుకుని చేపలు పడుతున్న ముసలాయన. సుజాత చెట్టునూ, ఆయన్నీ ముచ్చటపడి గీసింది. గట్టు మీద గేదెలు కాస్తున్న ఆవిడను పేరడిగితే "పెద్ద చెరువు" అంది.

రెండో రోజు వేరే మలుపు తిప్పాను. వేరే ఊరు, వేరే నీళ్ళు. ఇక్కడివాళ్ళు "ప్రాజెక్టు" అన్నారు. తెప్ప మీద ముసలాయన చెయ్యెత్తి, "మళ్ళ వచ్చిండ్రా సారూ," అని కేకేశాడు.

"ఈయన్ని నిన్న చూసినం గదండీ," అంది సుజాత.

"ఇక్కడి మనుషులు మంచోళ్ళు. కొత్తవాళ్ళను కూడా పాత చుట్టాల్లా పలకరిస్తారు."

"మరి ఆ పసుపు తువ్వాల?"

"చేపల సొసైటీవాళ్ళు అందరికీ పంచి ఉంటారు."

"ఆ ఎండిన చెట్టు?"

"చెట్టన్నాక ఎండదా?"

మూడో రోజు మూడో గట్టు. అదే మొహం, అదే తువ్వాల. "అన్నదమ్ములై ఉంటారు," అన్నాను. సుజాత నన్నూ, ముసలాయన్నీ, చెట్టునూ మార్చి మార్చి చూసి కుంచె తీసుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల అంతా గందరగోళంగానే ఉంది. కానీ ఇప్పుడు ఒప్పుకుంటే నిన్నటి, మొన్నటి నా మాటలన్నీ నేనే మింగాలి, అవి అప్పటికే బాగా పెరిగిపోయాయి.

నాలుగో రోజు నాలుగో గట్టున బొమ్మ పూర్తయ్యేసరికి ముసలాయన తెప్పను ఒడ్డుకు తెచ్చి, టేకాకులో చుట్టిన చేపను సుజాత చేతిలో పెట్టాడు.

"ఏమనుకోకుండ్రి సారూ. ఈ చెరువు చుట్టూ ఎందుకు తిరుగుతుండ్రు? ఏమన్న మొక్కుందా?"

"ఇక్కడ ఎన్ని చెరువులున్నయి తాతా?" అంది సుజాత, నా వైపు చూడకుండా.

"ఒక్కటే గదమ్మా. ఆ ఊరోళ్ళు పెద్ద చెరువంటరు, ఈ ఊరోళ్ళు ప్రాజెక్టంటరు. నీళ్ళు అవ్వే, నేను నేనే."

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు. మా గొంగళి నాలుగు రోజులు పెట్రోలు తాగి మరీ అక్కడే ఉంది.

సుజాత తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నా మొదటి పెద్ద ఆర్డరండీ," అంది, అంతే. ఆ మాటకు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎల్లుండే దవాఖానా ప్రారంభం, మళ్ళీ వేసే వ్యవధి లేదు.

"నాలుగు బొమ్మలకు నాలుగు ఊళ్ళ పేర్లు రాసేద్దాం," అన్నాను తిరుగుదారిలో.

"తాతకు గూడ నాలుగు పేర్లు పెడతరా?" అంది.

డాక్టరుగారి ముందు ఆమె, నాలుగూ ఒక్క చెరువేనని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన బొమ్మల్ని గోడకు వరసగా ఆనించి చాలాసేపు చూశారు. నేను అప్పటికే తలుపు ఎటుందో చూసుకున్నాను, అది కూడా తప్పు వైపు.

"అయితే ఇది తూర్పు గట్టు, ఇది పడమర గట్టు," అన్నారాయన మెల్లగా. "నా గదులు గూడ నాలుగు దిక్కులకే ఉన్నయ్. ఏ గదికి ఆ గట్టు. ఈ ఆలోచన ఎవరిది మేడం?"

సుజాత నన్ను చూపించింది. నేను వినయంగా తల వంచుకున్నాను.

"ఇంకో అంతస్తు లేపుతున్న. దానికి గోదావరి వెయ్యండి," అన్నారు డాక్టరుగారు సంతోషంగా. "గిట్లనే, చుట్టూ తిరిగి."

ఆ రోజు కారు తాళాలు సుజాత చేతిలో పెట్టి, నా కుంచెల మీద ఒట్టేశాను: ఇక ఈ జన్మలో దారుల గురించి నోరెత్తను. అందుకే, గోదావరికి చుట్టూ ఉండదన్న సంగతి డాక్టరుగారికి ఇంతవరకూ చెప్పలేదు.